చూసింది రాయడం, రాసింది లెక్కకి నిలబెట్టడం

ఒడిశాలోని రాయగడలో సేంద్రియ పత్తి రైతు గ్రూపుల ఫీల్డు సిబ్బందికి, పొలాల తనిఖీ పనిలోకి రావాలనుకునే కుర్రవాళ్లకి జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? గుణుపురం నుంచి వచ్చినవాళ్లు చెయ్యెత్తండి. పర్లాకిమిడి వాళ్లు? కోరాపుట్ నుంచి కూడా వచ్చారు, మంచిది. తెలుగు, ఒడియా మీ అందరికీ వచ్చు. కువి గానీ సవర గానీ వచ్చినవాళ్లు? ఏడెనిమిది చేతులు లేచాయి. ఆ చేతుల సంగతి తర్వాత మాట్లాడదాం.

ముందు ఒక ప్రశ్న. సేంద్రియ తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ పనేంటి? చెప్పండి. సర్టిఫికెట్ ఇవ్వడమా? ఇవ్వడండీ. ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ ఇవ్వడు, ఆపడు కూడా. పొలం చూస్తాడు, కాయితాలు చూస్తాడు, మనుషుల్ని అడుగుతాడు, చూసింది చూసినట్టు రాస్తాడు. ఆ రిపోర్టుని ఆఫీసులో ఇంకొకరు చదువుతారు. సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా అన్నది తనిఖీకి వెళ్లని మనిషే తేలుస్తాడు. సర్టిఫికేషన్ సంస్థలు పాటించాల్సిన ఐఎస్ఓ 17065 ప్రమాణంలోనే ఉంది ఈ మాట. ఎందుకలా పెట్టారు? ఎండలో కొండెక్కి, రైతు ఇచ్చిన నీళ్లు తాగి, వాళ్ల కష్టం కళ్లారా చూసొచ్చిన మనిషికి వాళ్ల సర్టిఫికెట్ ఆపడానికి చెయ్యి రాదు. అందుకని ఆ బరువు మన నెత్తి మీద పెట్టలేదు. మన మీద పెట్టింది ఒక్కటే. చూసింది రాయాలి, రాసింది లెక్కకి నిలబడాలి. ఈ పూట నేను చెప్పేదంతా దాని చుట్టూనే.

ఇంకోటి. సలహా ఇవ్వడం కూడా మన పని కాదు. ఇది అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాళ్లకి మహా కష్టం. కాయలో గులాబీ పురుగు కనిపిస్తే నోరు ఊరుకోదు, వేపగింజల కషాయం కొట్టు బాబూ అనేస్తారు. అంటే ఏమవుతుంది? వచ్చే ఏడు మీరు తనిఖీ చేసేది మీ సలహానే. మీ సలహా తప్పని మీరే రాస్తారా? రాయరు. ప్రమాణంలో ఏముందో చదివి వినిపించవచ్చు, అది అర్థం కాకపోతే విడమరిచి చెప్పవచ్చు. ఏ మందు కొనాలి, ఎక్కడ కొనాలి అన్న మాట దగ్గర ఆగిపోవాలి. గ్రూపుకి ఇప్పటికే సలహాదారుగా పనిచేసి ఉంటే ఆ సంగతి సర్టిఫికేషన్ సంస్థకి ముందే రాసివ్వాలి, ఆ గ్రూపు తనిఖీకి వెళ్లకూడదు. మామూలుగా రెండేళ్ల ఎడం పాటిస్తారు. బావమరిది పొలమూ అంతే, మేనమామ గ్రూపూ అంతే. మన వైపు చుట్టరికాలు ఎంత దూరం పాకుతాయో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను, పుస్తకం మీ చేతికి వస్తుంది కనక. మన దేశంలో సేంద్రియ సర్టిఫికేషన్‌కి ఆధారం ఎన్‌పీఓపీ, జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. 2001లో మొదలైంది. కేంద్ర వాణిజ్య శాఖ కింద వ్యవసాయ ఎగుమతులు చూసే సంస్థ అపెడా నడుపుతుంది, సరుకు కదలిక అంతా ట్రేస్‌నెట్ అనే ఆన్‌లైన్ రికార్డులో ఎక్కుతుంది. 2025 జనవరిలో 8వ ఎడిషన్ విడుదలైంది. రైతు గ్రూపులకి చట్టబద్ధమైన హోదా ఉండాలన్నది అందులో పెద్ద మార్పు. పాత 2014 పుస్తకం బట్టీ పట్టి ఇంటర్వ్యూకి వెళ్లొద్దు. ఇంకో దారి పీజీఎస్, రైతులు ఒకరి పొలం ఒకరు చూసుకునే పద్ధతి. దానికి మనలాంటి బయటి ఇన్‌స్పెక్టర్ ఉండడు. బట్టల కంపెనీకి, ఎగుమతికి వెళ్లే పత్తికి ఎన్‌పీఓపీ కావాలి.

సరే, ఇన్‌స్పెక్టర్ ఎలా అవుతారు? వ్యవసాయంలోనో దానికి దగ్గర చదువులోనో డిగ్రీ ఉంటే సుళువు. కానీ మొదటి మెట్టు మీలో చాలామంది ఇప్పటికే ఎక్కి ఉన్నారు, అది గ్రూపులో లోపలి ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. లోపలి ఇన్‌స్పెక్టర్ సభ్యులందరి పొలాలూ ఏడాదికి రెండుసార్లు తిరుగుతాడు. బయటి ఇన్‌స్పెక్టర్ వచ్చి అందులో కొన్ని మళ్లీ చూసి, లోపలి తనిఖీ నిజంగా జరిగిందా అని తేలుస్తాడు. రెండు మూడు పంటకాలాలు లోపల పనిచేసినవాడికి బయటివాడు ఏం వెతుకుతాడో తెలిసిపోతుంది. తర్వాత సర్టిఫికేషన్ సంస్థలో చేరితే ముందు తరగతి గది. ప్రమాణం, తనిఖీ పద్ధతి, ఆడిట్ ఎలా చెయ్యాలో చెప్పే ఐఎస్ఓ 19011, రిపోర్టు రాయడం, ఆఖర్న పరీక్ష. పరీక్ష పాసైతే ఇన్‌స్పెక్టర్ అయిపోయారా? లేదు. సీనియర్ వెంట వెళ్లి నోరు మెదపకుండా చూడాలి. ఆ తర్వాత మీరు తనిఖీ చేస్తుంటే సీనియర్ పక్కన నిలబడి చూస్తాడు, దాన్ని విట్నెస్ ఆడిట్ అంటారు. అందులో నెగ్గితేనే ఒక విభాగానికి అనుమతి ఇస్తారు. పంటకి వేరు, పశువులకి వేరు, అడవి నుంచి ఏరిన సరుకుకి వేరు, ప్రాసెసింగ్‌కి వేరు. పంటలకి అనుమతి ఉన్నవాడు, పత్తి గింజ వేరు చేసి దూది తీసే జిన్నింగ్ మిల్లు తనిఖీ రిపోర్టు మీద సంతకం పెడితే ఆ రిపోర్టు చెల్లదు.

పొలానికి వెళ్లేముందు

తనిఖీ పొలంలో మొదలవదండి, రిజిస్టరులో మొదలవుతుంది. ఒక గ్రూపు అనుకుందాం. 400 మంది రైతులు, 600 ఎకరాల పత్తి. ఎంతమందిని చూడాలి? వర్గమూలం పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. 400కి వర్గమూలం 20. యూరప్ కొత్త నిబంధన, 2018/848, సభ్యుల్లో 5 శాతం అంటుంది, 10 మందికి తగ్గకూడదంటుంది. 400లో 5 శాతమూ 20 మందే. అంకె దగ్గర పేచీ లేదు. ఆ 20 మంది ఎవరన్నది అసలు ప్రశ్న. గ్రూపు వాళ్లు ఏం చేస్తారు? రోడ్డు పక్క ఊరు, చదువుకున్న రైతు, గోడ మీద బోర్డు, అక్కడికి తీసుకెళ్తారు. మీరు జాబితా అడిగి మీరే ఎంచుకోవాలి. ఈ ఏడు కొత్తగా చేరినవాళ్లు, చుట్టూ బీటీ పత్తి, అంటే జన్యువు మార్చిన పత్తి, ఉన్నవాళ్లు, ఎకరానికి దిగుబడి మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువ చూపించినవాళ్లు, పోయినేడు ఎన్‌సీ, అంటే ప్రమాణం తప్పారన్న రాత, పడ్డవాళ్లు, జీపు వెళ్లని ఊళ్లు. ఈ ఐదు రకాల నుంచీ పేర్లు ఉండాలి. ఎవరి పేరు వచ్చిందో తెల్లారి వరకూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. కాయితం కలం తీయండి. 600 ఎకరాల పత్తి. విత్తనం రిజిస్టరులో గ్రూపు రైతులకి ఎకరానికి కిలో చొప్పున పంచినట్టుంది, మొత్తం 450 కిలోలు. మిగతా 150 ఎకరాలకి విత్తనం ఎక్కడిది? అక్కడే ఆగండి, ముందుకి వెళ్లొద్దు. రైతు సొంత విత్తనం అంటారు. అయితే పోయినేటి గింజ ఎవరింట్లో ఉందో చూడాలి. సంతలో కొన్నది అయితే అది బీటీ అయ్యే అవకాశమే ఎక్కువ. ఆ ప్రశ్న రాసుకుని రెండో లెక్కకి రండి. వానాధారపు మెట్టలో ఎకరానికి నాలుగున్నర క్వింటాళ్లు వేసుకున్నా 2,700 క్వింటాళ్లు. జిన్నింగ్‌లో పత్తిలో మూడో వంతు, కొంచెం పైన, దూది వస్తుంది. బేలు, అంటే నొక్కి కట్టిన దూది మూట, 170 కిలోలు, ఆ లెక్కన ఉజ్జాయింపుగా 5 క్వింటాళ్ల పత్తికి ఒక బేలు. 2,700కి 540 బేళ్లు. మిల్లు రికార్డులో 700 బేళ్లు ఉన్నాయనుకోండి. ఆ 160 బేళ్ల పత్తి, అంటే 800 క్వింటాళ్లు, ఎవరి పొలంలో పండింది? పొలాలన్నీ పచ్చగా, పురుగుమందు చుక్క లేకుండా ఉన్నా సరే, ఈ లెక్క కుదరకపోతే ఆ గ్రూపు కింద బయటి పత్తి వెళ్తోందని అర్థం. 2020 అక్టోబరులో సేంద్రియ బట్టల ప్రమాణం నడిపే గాట్స్ సంస్థ మన దేశపు సేంద్రియ పత్తిలో నకిలీ సర్టిఫికెట్ల వ్యవహారం బయటపెట్టింది, 20 వేల టన్నుల దాకా అన్నారు. అలాంటివి ఆకు నలిపి చూస్తే దొరకవు. లెక్కలో దొరుకుతాయి.

ఒక్కోసారి లెక్క తప్పడానికి మోసం అక్కర్లేదు. ఎకరాన్ని హెక్టారని టైపు చేస్తారు. రైతుకున్నది ఎకరం 20 సెంట్లు, ఎక్కించింది 1.2 హెక్టార్లు. హెక్టారంటే 2.47 ఎకరాలు. ఒక్క తప్పుతో ఆ రైతు భూమి రెండున్నర రెట్లయింది, దిగుబడి కోటా కూడా రెండున్నర రెట్లయింది. ఆ ఖాళీలోకే బయటి పత్తి దూరుతుంది. అందుకని ఎంచుకున్న ప్రతి పొలం హద్దు చుట్టూ ఫోనుతో నడవండి. లోయల్లో సిగ్నల్ ఉండదు, కానీ జీపీఎస్‌కి సిగ్నల్ అక్కర్లేదు. మ్యాప్ ముందురోజే దింపుకోండి, ఆఫ్‌లైన్‌లో గీత గీసుకోవచ్చు. కాయితంలో ఉన్నదీ మీరు నడిచిందీ పక్కపక్కన రాయండి.

భూమి కాయితం గురించి ఒక మాట. పట్టా ఉన్నవాళ్ల సంగతి ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో దొరుకుతుంది. ఇక్కడ కొండ మీద చాలామందికి ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. కొందరికి అదీ లేదు, పోడు చేసుకుంటున్నారు. కాయితం లేదని రైతుని తప్పు పట్టే పని మనది కాదు. కానీ కొత్తగా అడవి కొట్టి వేసిన పొలమా అన్నది చూడాలి, ప్రమాణం దాన్ని ఒప్పుకోదు. తాజా మోడులు, బూడిద, చుట్టూ ఉన్న చెట్ల వయసు, ఇవన్నీ సాక్ష్యాలే.

పొలంలో

పత్తికి ఏ నెలలో వెళ్లాలి? ఏప్రిల్‌లో వెళ్తే మోళ్లు తప్ప ఏమీ ఉండవు, రైతు చెప్పింది రాసుకుని రావాలి. పూత కాయ మీద, సెప్టెంబరు అక్టోబరుల్లో ఒకసారి, తీత సాగుతుండగా నవంబరు నుంచి జనవరి మధ్య ఇంకోసారి. ఈ రెంటికీ తగ్గితే ఆ తనిఖీని పత్తి తనిఖీ అనను నేను.

సాళ్ల మధ్య కలుపు చూడండి ముందు. చేత్తో తీసిన కలుపైతే వేళ్లతో సహా గట్టు మీద కుప్ప పడి ఉంటుంది, మట్టి గీకినట్టుంటుంది. సాళ్ల మధ్య గడ్డి నిలబడే పసుపుపచ్చగా మారి ఎండుతూ, పక్కన పత్తి మాత్రం పచ్చగా ఉందనుకోండి, అది గ్లైఫోసేట్ అనే కలుపుమందు. కలుపుమందు తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేదు, అయినా దొంగచాటుగా విత్తనం వస్తోంది. కొట్టిన మర్నాడే గడ్డి చావదు, వారం రెండు వారాలు పడుతుంది. కాబట్టి పచ్చగడ్డి చూసి కొట్టలేదని అనుకోకండి.

విత్తనం ప్యాకెట్లు పొలం మూల చెత్తలోనే ఉంటాయి, వెతకండి. మందు పట్టించిన గింజకి గులాబీయో ఎరుపో నీలమో రంగుంటుంది. మిగిలిన గింజని అరచేతిలో తడిపి రుద్దితే రంగు అంటుతుంది. ఆ రంగు అంటితే ఎన్‌సీ రాయాల్సిందే.

ఇప్పుడు స్ట్రిప్ టెస్ట్, అంటే ఆకు బీటీదా కాదా అని పొలంలోనే చిన్న పట్టీతో చూసే పరీక్ష. రేపు మీ చేత చేయిస్తాను, అయినా చెప్తాను. చెట్టు పైకొమ్మ లేత ఆకు తీసుకోవాలి. ముదురాకులో బీటీ ప్రోటీన్ తగ్గిపోతుంది, చెట్టు ముదిరేకొద్దీ ఇంకా తగ్గుతుంది, అందుకే అక్టోబరు పరీక్షకున్న నమ్మకం జనవరి పరీక్షకి ఉండదు. గొట్టం మూతతో ఆకుని రెండు బిళ్లలు నొక్కి లోపల వేసి, చిన్న రోకలితో నలిపి, కిట్‌లో ఇచ్చిన ద్రవం పోసి, స్ట్రిప్ నిలబెట్టాలి. 5 నుంచి 10 నిమిషాలు. పైన ఒక్క గీత వస్తే బీటీ లేదు. రెండు గీతలు వస్తే ఉంది. పై గీత రాకపోతే స్ట్రిప్ పాడైంది, ఆ ఫలితం చెల్లదు, మళ్లీ చెయ్యాలి. జీపు డ్యాష్‌బోర్డు మీద పెట్టి ఎండలో మగ్గించిన కిట్లు ఇలాగే పోతాయి. ఆకు మరీ ఎక్కువేసి చిక్కగా నలిపినా రసం పైకి ఎక్కదు. బీటీ స్ట్రిప్ కలుపుమందు తట్టుకునే గుణాన్ని విడిగా పట్టదు, దానికి వేరే స్ట్రిప్ ఉంది, రెండూ తీసుకెళ్లండి.

ఇంకొంచెం లోతుకి వెళ్దాం, ఇది చాలామందికి తెలీదు. ఆకు పాజిటివ్ వస్తే అర్థమేంటి? రైతు నాటిన గింజే బీటీ అని. ఆకు నెగటివ్ వచ్చి, అదే చెట్టు గింజ పాజిటివ్ వస్తే? తేనెటీగలు పక్క పొలం పుప్పొడి తెచ్చాయని. ఒకటి విత్తనం తప్పు, రెండోది పక్క పొలం నుంచి సోకినది. రెండింటికీ ఒకే ఎన్‌సీ రాస్తే అన్యాయం. ఒక్క చెట్టు చూసి కూడా తేల్చకూడదు, పొలంలో అడ్డంగా నిలువుగా తిరిగి కనీసం 20 చెట్ల నుంచి తియ్యండి. ఇరవైలో ఒకటి వస్తే విత్తనం కల్తీ, ఇరవైకి ఇరవై వస్తే వేసిన విత్తనమే బీటీ.

మందు అవశేషాల కోసం ల్యాబుకి పంపేటప్పుడూ ఇదే తెలివి వాడాలి. గట్టు అంచు వరసల నుంచి ఒక నమూనా, పొలం నడుమ నుంచి ఇంకోటి, కలపకుండా వేర్వేరు సంచుల్లో. అంచులో ఉండి నడుమ లేకపోతే పక్కవాడు కొట్టింది గాలికి వచ్చింది. రెండు చోట్లా సమానంగా ఉంటే ఈ పొలంలోనే కొట్టారు. కొండవాలు పొలాల్లో ఇంకో చిక్కు, పైపొలం నీళ్లు కిందికి దిగుతాయి. కాలవ ఉందా, కట్ట ఉందా, అడ్డంగా కంది సాలు వేశారా, బొమ్మ గీసి బాణం గుర్తు పెట్టండి. ఒక్కో నమూనాకీ కొత్త చేతితొడుగు, కొత్త సంచి, సీలు మీద రైతు సంతకమో వేలిముద్రో, తేదీ, టైము. పొగాకు నమిలిన చేత్తో ఆకు కోయొద్దని వేరే చెప్పాలా? చెప్పాల్సొస్తోంది.

ఇంటికి వెళ్లండి. పొలం చూసి వచ్చెయ్యడం సగం తనిఖీ. గోడకి తగిలించిన స్ప్రేయర్ ఎవరిది, అద్దెదా, దాంతో ముందు ఏం కొట్టారు? అటక మీద యూరియా సంచి కనిపిస్తుంది. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది, పరుచుకుంటారు, చోళ్లు పోస్తారు, పత్తి కుక్కుతారు. సంచి కనపడగానే రైతు యూరియా వేశాడని రాస్తారా? సంచిని చదవండి. బరువు 50 కిలోలని ఉంటే పాతది. 2018 నుంచి మామూలు యూరియా 45 కిలోల సంచిలో వస్తోంది. పైన ‘భారత్’ అనే పేరుంటే 2022 అక్టోబరు తర్వాతది. తయారీ నెల కూడా ఉంటుంది. ఆ రైతు గ్రూపులో ఎప్పుడు చేరాడు, రెండేళ్ల మార్పిడి కాలం ఎప్పుడు మొదలైంది, దాని పక్కన సంచి తేదీ పెట్టి చూడండి. ఆ తర్వాత అడగండి, ఇది ఏ పొలానికి అని. పల్లంలో వరికి అంటాడు. నిజమే అయ్యుండొచ్చు. అయితే ఆ వరి పొలం కూడా చూడాలి. మెట్ట మీద సేంద్రియ పత్తి, పల్లంలో యూరియా వరి, ఇదే ఈ ప్రాంతంలో ఎక్కువ కనిపించేది, తనిఖీలో ఎక్కువ తప్పిపోయేది. లాంప్స్‌లో, అంటే గిరిజన సహకార సంఘంలో గానీ, డీలరు దగ్గర గానీ ఎరువు మిషన్ మీద ఆధార్‌తో ఇస్తారు, చీటీ వస్తుంది. ఆ చీటీలు అడగండి. సేంద్రియ పత్తిని యూరియా సంచిలో కుక్కితే అది వేరే ఎన్‌సీ, సంచి ఎంత పాతదైనా సరే.

ఇందాకటి చేతుల సంగతి ఇప్పుడు. కువి, సవర మాట్లాడే ఊళ్లో తెలుగు, ఒడియా రెండూ పెద్దవాళ్లకి అంతంతమాత్రం. అప్పుడు దుబాసీ ఎవరు? గ్రూపు ఫీల్డు ఆఫీసరే ముందుకొస్తాడు. ఆయన పని మీరు తనిఖీ చేస్తూ ఆయన్నే దుబాసీగా పెట్టుకుంటే జవాబులన్నీ ఒకేలా వస్తాయి. ఊళ్లో చదువుకున్న అమ్మాయినో, ఆశా దీదీనో పిలవండి, పేరు రిపోర్టులో రాయండి. మీకే ఆ భాష వస్తే ఇంకేం కావాలి? ప్రశ్న ఎలా వేస్తారన్నదీ ముఖ్యం. “మందు కొట్టలేదు కదా?” అంటే ప్రపంచంలో ఎవరైనా లేదనే అంటారు. “పోయినేడు కాయలో పురుగు పడ్డప్పుడు ఏం చేశావు నాన్నా?” అని అడగండి. ఆడవాళ్లని విడిగా అడగండి. కలుపు తీసేది వాళ్లు, విత్తనం పెట్టేది వాళ్లు. ఈ ఏడు కలుపుకి ఎన్ని కూలీలయ్యాయంటే ఠక్కున చెప్తారు. పోయినేడు 20 కూలీలైన చోట ఈ ఏడు మూడే అయ్యాయంటే మీకు సగం తెలిసిపోయినట్టే.

తినడం తాగడం గురించి అడుగుతారు అందరూ. టీ తాగండి, చోడి అంబలి ఇస్తే తాగండి, వద్దంటే అవమానం. కోడి కోస్తామంటే వద్దనండి. గ్రూపు జీపులో వెళ్లడం మంచిది కాదు, కానీ ఆ కొండ ఊళ్లకి బస్సులెక్కడివి? తప్పక ఎక్కితే రిపోర్టులో ఒక వాక్యం రాయండి, దాచొద్దు. డబ్బులు మాత్రం సర్టిఫికేషన్ సంస్థ దగ్గరే తీసుకోవాలి, పెట్రోలు ఖర్చు కూడా.

రిపోర్టు

విట్నెస్ ఆడిట్‌లో ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. పొలంలో బాగానే చూస్తారు, రాసేటప్పుడు “రైతుకి శ్రద్ధ తక్కువ”, “మందు వాడినట్టు అనిపిస్తోంది” అని రాస్తారు. ఆఫీసులో చదివే మనిషి దీంతో ఏం నిర్ణయం చేస్తాడు? ఎన్‌సీలో మూడు ఉండాలి. ప్రమాణంలో ఏ నిబంధన, ఏం కనిపించింది, ఎక్కడ కనిపించింది. ఇలా రాయాలి: “పత్తి పొలం తూర్పు గట్టు మీద ఖాళీ సీసా 1, అర లీటరు, లేబుల్ మీద గ్లైఫోసేట్ 41 శాతం ఎస్.ఎల్., బ్యాచ్ నెంబరు ఫోటోలో ఉంది. సీసా నుంచి మొదటి పత్తి సాలుకి 3 మీటర్లు. సాళ్ల మధ్య గడ్డి ఎండలేదు. సీసా తనది కాదని రైతు చెప్పారు. నడుమ నుంచి, అంచు నుంచి నమూనాలు తీశాం.” చూశారా, నేరం మోపలేదు, వెనకేసుకురాలేదు. గడ్డి ఎండలేదన్న మాట రైతు వైపుది, అదీ రాశాం. అనుకూలంగా ఉన్నది రాయకపోవడం కూడా తప్పుడు రిపోర్టే.

ఫారం అన్నీ టిక్కులతో నిండి, ఒక్క ఎన్‌సీ లేకుండా 20 పొలాల రిపోర్టు వస్తే రివ్యూ చేసేవాళ్లకి అనుమానం వస్తుంది. అలాగని ఎన్‌సీల కోసం వెతుక్కోవద్దు, డైరీలో తేదీ మర్చిపోయినదీ బీటీ విత్తనం వేసినదీ ఒకే మెట్టున పెట్టొద్దు. చిన్నది చిన్నదని, పెద్దది పెద్దదని రాసి, సరిదిద్దడానికి గడువు రాయండి. తిరిగొచ్చేముందు ఊళ్లోనే కూర్చుని గ్రూపు వాళ్లకి అన్నీ చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని రాసి సంతకం అడగండి. ఆఫీసుకెళ్లాక కొత్త ఎన్‌సీ చేర్చకూడదు. రోజుకి ఐదారు పొలాలకి మించి ఈ కొండల్లో సరిగ్గా చూడలేరు. పన్నెండు పొలాలు చూశానని ఎవరైనా రాస్తే అందులో సగం జీపులోంచి చూసినవే.

రేపు పొద్దున్న ఆరున్నరకి ఇక్కడే కలుద్దాం. ముగ్గురేసి ఒక జట్టు, ఒక్కో జట్టులో కువి వచ్చినవాళ్లు ఒకరు ఉండేలా చూస్తాం. ఒక్కో జట్టుకి పది స్ట్రిప్పులు, ఒక పొలం, ఒక ఇల్లు. రిజిస్టర్ల జిరాక్సులు ఈ సాయంత్రమే ఇస్తాం, రాత్రికి విత్తనం లెక్క, దిగుబడి లెక్క కట్టుకుని రండి. అందులో ఒక చోట లెక్క తప్పు మేమే పెట్టాం, ఎక్కడో చెప్పను. ఫోను ఛార్జింగ్ చూసుకోండి, మ్యాప్ ఇక్కడే దింపుకోండి, అక్కడ నెట్ రాదు. ఇక అడగండి, ఎవరికేం సందేహాలున్నాయి?